చేతి తడి

వాల్పరైసోలో పొద్దుటి పొగమంచు
పార్లమెంటు మెట్లదాకా ఎక్కివచ్చి
పాసు లేనిదానిలా అక్కడే నిలబడిపోతుంది.
నాకు పాసుంది. మెడలో వేలాడుతుంది.
పేరు: ఎదువీహిస్ కత్రిలేయో. పని: సైగల అనువాదం.

టీవీ తెర కింద, కుడి మూలన,
తపాలా బిళ్ళంత కిటికీలో
నల్ల చొక్కా, ఉంగరాల్లేని వేళ్ళు —
ఆ మనిషిని.

మా పనికి నియమం ఒకటే.
సభ్యుడు "నేను" అంటే
నా వేలు నా గుండెకే ఆనాలి.
"ఆయన అంటున్నాడు" అని తప్పుకోవడానికి వీల్లేదు.
పదహారేళ్ళుగా ఈ వేలితో
మంత్రినయ్యాను, ప్రతిపక్షాన్నయ్యాను,
ఒకసారి గంటన్నరసేపు చేపల కోటా బిల్లునయ్యాను.
భుజం నొప్పి తప్ప ఏదీ ఇంటికి రాలేదు.

ఇవాళ ఆన్సెల్మో ఉర్రెహోలా వంతు.
నైతిక విచారణ సంఘం ముందు సంజాయిషీ.
నూట పద్నాలుగు పేజీల నివేదిక, రాత్రే చదివాను,
మాటలకు సైగలు వెతుక్కోవడానికి.
నీళ్ళ ట్యాంకరు. టెండరు. బావమరిది.
బావమరిదికి సైగ ఉంది.
రాని ట్యాంకరు వచ్చిందని పెట్టిన సంతకానికి లేదు,
అది అక్షరం అక్షరం వేళ్ళతో కూడబలుక్కోవాలి.

ఆరేళ్ళుగా వాన పడని ఆ లోయ నాకు తెలుసు.
పోసో ముదోలో మా పెద్దమ్మ ఓర్తెన్సియా ఉంటుంది.
నీళ్ళు, అన్నం, ఇటు రా —
నా మొదటి సైగలు ఆమె పెట్టినవే.
నీలం డ్రమ్ము గేటు బయటికి దొర్లించి,
హారను వినపడదు గనక
అరచేయి నేలకానించి కూర్చుంటుంది.
బండి బరువు మట్టిలోంచి తెలుస్తుందట.
నలభై ఒకటో పేజీ ప్రకారం
ఆ గేటు ముందు ట్యాంకరు నిరుడు యాభై రెండుసార్లు ఆగింది.
ఆమె చేతికి తెలిసింది పదకొండు.

"నేను," అన్నాడు ఉర్రెహోలా.
వేలు గుండె మీద పెట్టాను.
"ఒక్క పెసో ముట్టలేదు."
ముట్టలేదన్నాయి నా చేతులు.
"నా చేతులు శుభ్రం."
రెండూ ఎత్తి చూపించాను, ఏం చెయ్యను, సైగే అది.
ఒక్క వేలు మెలితిప్పితే చాలు,
లేదు అన్నది అవును అవుతుంది.
తిప్పలేదు.
అబద్ధాన్ని తు.చ. తప్పకుండా చెప్పాను.
ఎవరి చెయ్యి తడిసిందో ఎవరు తడిపారో
నీళ్ళ లెక్కల్లో వెతుకుతున్న అధ్యక్షురాలు
కళ్ళజోడు తుడుచుకుంది.

తీర్పు నాలుగు నిమిషాలు.
మందలింపు. ఒక నెల జీతంలో ఐదో వంతు కోత.
అదీ నేనే చెప్పాను. దానికి మాత్రం
"మేము" అని గుండె ముందు చేయి గుండ్రంగా తిప్పాలి.
బయట ఫొటోగ్రాఫర్లతో ఆయన చేతులు కలుపుతుంటే
నేను మరుగుదొడ్లో కుళాయి తిప్పి
ధార చూడగానే కట్టేశాను.

రాత్రి పెద్దమ్మ ఫోనులో కనిపించింది.
తెర నిండా ఆమె వేళ్ళు.
చూశావా, అన్నాను.
చూశాను, నిన్ను కాదు, అంది.
నీ చేతులు మరీ పొందిగ్గా ఉన్నాయి, మోసపోతాం.
పెద్ద బొమ్మలో వాణ్ణి చూశాను.
గంటసేపూ వాడి చేతులు
బల్ల కిందే ఉన్నాయి.

ఇవాళ ట్యాంకరు వచ్చిందా, అడిగాను.
ఫోను గోడకు చేరవేసి
ఆమె అరచేయి నేల మీద పెట్టింది.
చాలాసేపు తియ్యలేదు.