ఏడు అంకె తోక

రిపేరుకొచ్చిన నార్వే ఓడ మెస్ రూములో
ఎవరో వదిలేసిన పుస్తకం.
డీజిలు వాసన, అట్ట మీద టీ గ్లాసు మచ్చ.
గేటు దగ్గర సెక్యూరిటీ వాడు తిప్పి చూసి
బొమ్మలే కదా, పట్టుకుపో అన్నాడు.

ముప్పై ఒక్క ఏళ్ళు షిప్‌యార్డులో పెయింటర్ని.
తుప్పు గోకడం, రెడ్ లెడ్ పుయ్యడం, మళ్ళీ గోకడం.
బొమ్మల కింద పేర్లు చదవలేను.
అందుకని మల్కాపురం క్వార్టర్లో
నైట్ డ్యూటీ లేని రోజుల్లో
చేతుల్ని చదివాను.

ఒకాయనున్నాడు, చీకటి మనిషి.
ఓడ అడుగు ట్యాంకులోకి హ్యాండ్ ల్యాంపుతో దిగితే
పక్కనున్న అసిరయ్యకి
ఒక చెంప, ముక్కు దూలం, చెవి అంచు,
అంతే ఉంటాయి లోకంలో.
మిగతా అసిరయ్యని మనమే నమ్మాలి.
ఆయన ముసలివాళ్ళంతా అలాగే ఉంటారు,
ఇప్పుడే మ్యాన్‌హోల్లోంచి పైకొచ్చి
ఎండకి ఇంకా కళ్ళు కుదరనట్టు.

ఇంకొకాయన రంగు పొదుపు చెయ్యడు.
మా ఇన్‌స్పెక్టరు గేజీ పెట్టాడంటే
మైక్రాన్లు ఎక్కువని మొత్తం గోకించేస్తాడు.
ఆరకముందే రెండో పూత, అదీ ఆరకముందే ఇంకోటి.
చేనూ ఆకాశమూ ఒకే సుడిలో తిరుగుతుంటాయి,
కుర్చీ కూడా ఊరుకోదు.
హుద్‌హుద్ నాడు మా కిటికీలోంచి
రేకులూ కొమ్మలూ గాలీ అలాగే గీతలయ్యాయి.

ఒకడు సముద్రాన్ని చూస్తూ చూస్తూ
ఓడని మర్చిపోయాడు.
ఆషాఢంలో డాల్ఫిన్ నోస్ కొండ
ఉందా లేదా అని వెతుక్కునే పొద్దున్న, అది.
వెలుగు తప్ప వేరే సరుకు లేదు ఆ పడవల్లో.

ఒకడిదెప్పుడూ ఎడమ పక్క కిటికీ.
ఒకమ్మాయి పాలు వొంపుతుంది.
ఎంతసేపటికీ వొంపుతూనే ఉంటుంది.
పొద్దున్నే సైరన్‌కి ముందు
మా గున్నమ్మ నా క్యారేజీలోకి పులుసు వొంపేటప్పుడు
ఇన్నేళ్ళూ నేనటు చూడలేదని
ఆ పేజీ దగ్గర తెలిసింది.

మా జోగేశ్వరి డిగ్రీలో చేరాక
పేర్లు చదివి పెట్టింది.
రెంబ్రాంట్, వాన్ గో, టర్నర్, వెర్మీర్.
నోట్లో కట్టుడు పళ్ళలా కొన్నాళ్ళు కుదర్లేదు.
తర్వాత అరచేత్తో పేరు మూసి ఆట మొదలెట్టింది.
ఇది? చీకటాయనది.
ఇది? కిటికీవాడిది.
ఒక దగ్గర ఆగాను.
చీకటాయనది కాదు, ఆయన దగ్గర పన్జేసిన కుర్రాడిది.
చెయ్యి తీసింది. శిష్యుడెవరో అని రాసుందట.
ఓలమ్మో, ఎలా తెలిసింది నాన్నా?

కుర్రాడికి చీకటంటే భయం, పాపా.
మూలమూలకీ ఏదో పెట్టాడు, కుండ, గుడ్డ, కుక్కపిల్ల.
గురువైతే ఖాళీ వదిలేసి
ఇంటికెళ్ళి పడుకోగలడు.

ఇందులో విద్యేం లేదు.
మా రోజుల్లో బ్రష్షు ఉండేది.
ఓడ పక్కన నడుస్తూ చెప్పేవాణ్ణి,
ఈ ప్లేటు అసిరయ్యది, బరువంతా చివర్లో దించుతాడు.
ఇది ఎడమచేతి ఎర్నాయుడిది.
ఇది సూరిగాడిది, ఆ వారం వాళ్ళమ్మ పోయింది.
తర్వాత స్ప్రే గన్ను వచ్చింది.
ఓడలు బాగానే ఉన్నాయి. ఎవరివీ కావు.

నాదీ ఒకటుంది.
ఒక ఓడకి వెనక, చుక్కాని పైన
లోతు అంకెలు నింపే పని నాకిచ్చారు.
వెల్డింగు గీత దాటకూడదు.
ఏడు దగ్గర దాటాను. కొంచెం తోక.
సరుకెక్కితే మునుగుతుంది, దిగితే తేలుతుంది.
ఫోర్‌మన్ చూసి, ఉమ్మేసి, ఏమీ అనలేదు.

పదకొండేళ్ళకి అదే ఓడ డ్రైడాక్‌కొచ్చింది.
నాచు, గుల్లలు, ఉప్పు.
గోకడానికి నన్నే ఎక్కించారు.
ఎంతసేపురా అని అసిరయ్య కింద నుంచి అరుస్తున్నాడు.
ఎనిమిది వచ్చింది. తర్వాత ఏడు.
ఈలోపు ఏ రేవులోనో ఎవరో
అన్నిటికీ మళ్ళీ రంగేశారు,
తోకకి కూడా, వదలకుండా.
ఆ చెయ్యి నాది కాదు, చూడగానే తెలిసింది.
చివర్న కొద్దిగా వణికాడు.