ముద్ర

మిన్యాలో తెల్లవారుజాము మూడు గంటలు.
గుడి వెనక పొయ్యి దగ్గర వనీస్ మామ
పిండి ముద్దల మీద కొయ్య ముద్ర అదుముతున్నాడు.

"మంచివాడు, గొప్పగా బోధించాడు, అంతవరకు చాలదా మామా?
మెస్సీయ అవునో కాదో, ఏం తేడా?"
కైరోలో చదువుకొచ్చిన నోరు నాది.

ఆయన చేతి పిండి దులుపుకోలేదు.

"మా దిమ్యానా కాలవలో పడ్డ రోజు
మంచివాళ్లకేం కొదవరా?
హాజీ రమదాన్ తడిబట్టలతోనే నా పక్కన కూర్చున్నాడు.
మూడు రోజులు వాళ్లింటి టీయే తాగాను.
ఒడ్డంతా మంచివాళ్లే.
పిల్లని పేరు పెట్టి లేపగలవాడు
ఒక్కడూ లేడు.

ఆయనా ఒట్టి మంచివాడే అయితే
వచ్చి నా పక్కన కూర్చుని ఏడుస్తాడు.
మరి అవతలి ఒడ్డున దానికెవరున్నార్రా?"

పుల్లతో అయిదు చిల్లులు పొడిచాడు,
ఒక పక్క మూడు, ఒక పక్క రెండు.
ఒక ముద్దకి ముద్ర సరిగా పడలేదు.
కాల్చి నా చేతిలో పెట్టాడు.

"తిను. అదే పిండి, అదే పొయ్యి.
కడుపు నిండుతుంది."

తిన్నాను. బాగుంది.
ఉపవాసం పోయింది.
పొద్దెక్కాక అందరూ బలిపీఠం ముందు వరస కట్టారు.
వెనక తలుపు దగ్గర నేను,
అప్పటికే మళ్లీ ఆకలితో.