పందొమ్మిదో నంబరు

స్టోన్‌హౌస్‌పేటలో కాలేషా పాత ఇనుము కొట్టుకి
ఆదివారం ఏడింటికల్లా పోవాల.
ఎనిమిదైతే కుక్కర్ల వాళ్లొచ్చి
కుప్పంతా కెలికిపెడతారు.

నాకు కావలసినవి చిన్న ప్లేట్లు.
ఈ పక్క ఒక పాట, తిప్పితే ఇంకొకటి,
నడుమ రూపాయి బిళ్ల సులువుగా దూరే చిల్లి.
సినిమా ప్లేట్లకి గిరాకీ ఉంది,
మద్రాసు నుంచి కారేసుకుని వస్తారు.
ఈ ఇంగ్లీషు చిల్లరని ఎవురూ అడగరు.
"తూకానికి రావు, పొయ్యిలోకి రావు,
ఏం జేసుకుంటావు సామీ" అంటాడు కాలేషా.
ముప్పై చెప్పి ఇరవై తీసుకుంటాడు.

చిల్లికి పెట్టే బిళ్ల ఊళ్లో దొరకలా.
హవాయి చెప్పు మడమ కోసి
కంపాసుతో గీసి బ్లేడుతో చెక్కినా.
మొదటిది వంకరగా వచ్చింది,
పాడే మనిషి కల్లు తాగినట్టు ఊగినాడు.
రెండోది కుదిరింది.
నీలం రంగు, ఎడమ కాలిది.

నేను కరెంటు మీటర్లు చూసేవాణ్ణి.
ముప్పై ఏళ్లు ఇంటింటి గోడ మీదా
వెండి చక్రం తిరగడం చూసినోణ్ణి.
ఇప్పుడా చక్రాలు లేవు, అంకెలు మెరుస్తాయి.
ఇంటికొచ్చి ఏదో ఒకటి తిరగకపోతే
నాకు అన్నం సహించదు.

ఏడో నంబరు మొదట దొరికింది.
కాగితం బిళ్ల మీద వంకాయరంగు సిరా:
జి. కరుణమ్మ, నర్సు. కింద ఏడు.
తర్వాత పన్నెండు, ముప్పై ఒకటి, నాలుగు.
రెండేళ్లలో పద్నాలుగు.
బీరువాలో వరసన నిలబెట్టి
పద్దెనిమిదికీ ఇరవైకీ నడుమ
వేలెడు చోటు వదిలినా.

"ఆ నర్సమ్మ బుధవారం బుధవారం వస్తాది.
నీ మాదిరే, అవే అడగతాది"
అన్నాడు కాలేషా, ఫ్యాను రెక్క వంచతా.

సిరాలో పేరుండే మనిషి
పోయుంటుందని ఎందుకనుకున్నానో.

నాలుగు బుధవారాలు
నాకు డ్యూటీ ఉందని నాకు నేనే చెప్పుకున్నా.
ఐదోది గుడ్డసంచిలో పద్నాలుగూ వేసుకుని పోయినా.

పొట్టి మనిషి. నాపరాయి మీద కూర్చుని
చెంగుతో చెమట తుడుచుకుంటా ఉంది.
ఒక్కోటే తీసి, మసక కళ్లకి దగ్గరగా పెట్టి,
నంబరు చదివి, నా సంచిలోనే వేసింది.
"పెన్నకి వరదొచ్చిన ఏడు
బురద పట్టినాయని మా తమ్ముడు బండికేసినాడు.
బాగానే కడిగినావు.
సబ్బు పెట్టలేదు గదా?"
పెట్టలేదన్నా. అబద్ధం.
ఏడో నంబరుకి పెట్టినా.

"నీకాడ మిషనుందా అబ్బయ్యా?"
హ్యాండుబ్యాగు తెరిచింది.
మందుచీటీల అడుగున, దిండుగలీబులో చుట్టి
పందొమ్మిది.

చెప్పుముక్క చూసి కాసేపు మాట్లాడలా.
"ఇన్నాళ్లూ దీని మీదనా తిప్పింది వాణ్ణి" అని
నవ్వింది, దగ్గొచ్చిందాకా.

సూది దించినా.
రెండో చరణంలో ముల్లు ఎగిరింది.
ఆమె పెదాలు కూడా ఎగిరినాయి, అదే మాట మీద నుంచి,
గుంట తెలిసిన దారిలో కాలు తానే దాటినట్టు.
"నైటు డ్యూటీ దిగొచ్చి నిద్రకళ్లతో పెట్టినా,
అప్పుడు పడింది గీత.
ఆడ ఏమంటాడో
యాభై ఏళ్లుగా నాకు తెలీదు."

నాకు తెలుసు.
అదే పాట, గీతలేనిది, పేరులేనిది,
కింది అరలో ఉంది.
లేచినా. బీరువా దాకా పోయినా.
మంచినీళ్లు తెచ్చిచ్చినా.

ఇప్పుడు బుధవారాలు మా ఇంటికే వస్తుంది.
విని, గలీబులో చుట్టుకుని,
పందొమ్మిదిని తీసుకునే పోతుంది.
ఆ వేలెడు చోటు అట్నే ఉంది.
దుమ్ము తుడిచేటప్పుడు
దాన్ని కూడా తుడుస్తా.