తవుడు

నెల్లిమర్ల జూట్ మిల్లులో బేళ్ళు మోస్తాడు
గేదెల తవిటినాయుడు.
జ్ఞానదంతం పీకించుకుని
దవడలో దూదితోనే సంతకం పెట్టాడు:
"పన్నే గదా మేడమ్, ఎలగూ పారేత్తారు."

పారెయ్యలేదు.
మంచుడబ్బాలో పెట్టి
విజయనగరం ఎండలో రెండు బిల్డింగులు దాటించాను.
పగలగొడితే లోపల
లేతముంజె పొరలా వణికే పిసరంత గుజ్జు.
దాన్ని తరిగి, కరిగించి,
గులాబీరంగు నీళ్ళలో వదిలి
ముప్ఫయ్యేడు డిగ్రీల పెట్టెకి తలుపేశాను.

మూడోనాటికి ఫ్లాస్కు అడుగున అంటుకున్నాయి కణాలు,
ఒక్కోటీ ఒక్కో కదురు.
మాది పొందూరు.
నాయనమ్మ వాలుగ చేప దవడతో పత్తి దువ్వేది.
చచ్చిన చేప పళ్ళకి చేతినిండా పనుండేది,
ఆవిడ నోట్లో మాత్రం రెండే మిగిలాయి.

దీనికి ముందు రెండు లైన్లు పోయాయి.
ఒకదానికి బూజు.
రెండోది పన్నెండో పాసేజీలో ముసలైపోయింది,
కణాలు వెడల్పై, బద్ధకమై
గోడ మీద పిడకల్లా ఉండిపోయాయి.
ఈసారి, వయసు లెక్క మరిచిపోయే జన్యువుని
ఒక వైరస్ వీపున ఎక్కించి పంపాం.

రెండ్రోజులకోసారి నీళ్ళు మార్చాలి.
సిరిమాను మంగళవారమూ మార్చాలి.
మూడు లాంతర్ల దగ్గర ఇసకేస్తే రాలని జనం,
నేను రింగురోడ్డు చుట్టి వచ్చి
గ్లవ్స్ తొడుక్కున్నాను.

ఓ బుధవారం తవిటినాయుడు వాళ్ళమ్మని తెచ్చాడు.
అసిరమ్మ.
నిప్పు లోపలికి పెట్టి అడ్డపొగ కాల్చీ కాల్చీ
అంగిలి పొయ్యిగోడలా ఉంది.
కింది పళ్ళు లేవు.
మైక్రోస్కోపు మీద వంగి చాలాసేపు లేవలేదు.
"ఈటితోటి నాకు పళ్ళొత్తాయేటమ్మా?"
ఎర్రరంగు వేస్తే సున్నపు చుక్కలు కనబడుతున్నాయన్నాను.
ఆవగింజలో సగం కూడా లేవన్నాను.
ఎన్నేళ్ళో చెప్పలేదు.

"పేరేటెట్టినారు?"
నంబరు చెప్పాను.
ముందు రెండూ పోయాయని, ఎందుకో, అదీ చెప్పాను.
ఆవిడ కొడుకు వైపు చూసింది.
"ఈడికి ముందూ ఇద్దరు పోనారు.
ఈడు పుట్టగానే సేటలో ఎట్టి
పక్కింటి నారమ్మకి తవుడుకి అమ్మీసినాను.
తవుడుపాటి సెయ్యనోడు నాకెందుకని
సావు ఎల్లిపోనాది.
నంబరెడితే ఏటి బతుకుద్ది?
తవుడుకి అమ్మీండి."
నాయుడు సిగ్గుపడి ఫోను చూసుకున్నాడు.

తవుడంటే బూజు. లోపలికి రానివ్వకూడదు.
మర్నాడు రైసుమిల్లులో గుప్పెడు అడిగి తెచ్చి
పొట్లం కట్టి
ల్యాబు బయట, చెప్పుల స్టాండు కింద పెట్టాను.

ఇవాళ ఇరవయ్యారో పాసేజీ.
కదుర్లు కదుర్లలాగే ఉన్నాయి.
కారణం ఆ జన్యువే,
రికార్డు పుస్తకంలో అదే రాశాను.
పొట్లాన్ని స్వీపరు గౌరి
ఎలకలొస్తాయని రెండుసార్లు పారేసింది.
రెండుసార్లూ మళ్ళీ తెచ్చాను.