పుంజీల లెక్క

ఇసకపల్లి ఒడ్డున నా మొదటి ఉద్యోగం
చచ్చిన తాబేళ్లను లెక్కపెట్టడం.
టేపు, చేతొడుగులు, ఉప్పుకి ఉబ్బిన నోటుబుక్కు.
డిప్ప మీద పసుపురంగు అంకె,
రేపు మళ్లీ లెక్కలోకి రాకుండా.

అలివి వల లాగుతూ పామంజి సోమయ్య అడిగాడు:
"ఎంతిస్తారు మే, శవానికి?"
నెలకింతని చెప్పాను.
నవ్వలేదు. టీ పోయించాడు.

ముప్పయ్యేడో అంకె వేసిన రాత్రి తలుపు తట్టాడు.
"లైటు ఆర్పేసి రా మే."

ఇసకలో ట్రాక్టరు చక్రం దొర్లినట్టు జాడ.
చివర, వెనక కాళ్లతో గుంట తోడుతూ
ఊపిరున్న దేహం.
నాకు టేపు గుర్తు రాలేదు.

గుడ్లు లెక్కపెట్టింది సోమయ్యే, చేపల లెక్కన:
ఇరవై తొమ్మిది పుంజీలు, పైన ఒకటి.
అలాగే రాసుకున్నాను.
'చూసినవారు' గడిలో ఆయన పేరు, తర్వాత నాది.
మా సారు దిద్దుతారు, నూటపదిహేడని.

దిద్దనీ.