నాలుగో పంపు

ఉదయం ఐదున్నర.
మా పెట్రోలు బంకులో నాలుగో పంపు దగ్గర
కోచ్ స్ట్రాసర్ కారు ఆగింది.
వెనకసీటు నిండా అట్టపెట్టెలు, ఒక దీపపు స్టాండు,
అద్దానికి ముక్కు ఆనించి ముసలి కుక్క.

నిన్న సాయంత్రం రేడియోలో విన్నాం.
దక్షిణాన పెద్ద యూనివర్సిటీ, నాలుగింతల జీతం,
మంచు పారతో పని లేని ఊరు.
టోయివో కాఫీ కప్పు కింద పెట్టి
"పీడా విరగడయింది" అన్నాడు.
ఆ తర్వాత చాలాసేపు కప్పు ముట్టుకోలేదు.

నేనూ ఆ మాటే అనాలి నిజానికి.
పదకొండేళ్ళుగా అంటున్నదాన్నే.
ఇరవై రెండో వరుస, చివరి సీటు,
సుపీరియర్ సరస్సు గాలి చెవులు కోసేస్తుంటే
ఆయన్ని నేను తిట్టని తిట్టు లేదు.
నాలుగో ప్రయత్నం, ఇంకొక్క గజం పోతే చాలు,
అప్పుడు కూడా బంతిని తన్నించి
అవతలి జట్టుకి అప్పజెప్పేవాడు,
గడువు తప్పకుండా బాకీ తీర్చే మనిషిలా.
"ఒక్క గజమయ్యా! మా అమ్మమ్మ నడుస్తుంది ఒక్క గజం!"
అమ్మమ్మ పోయి అప్పటికి ఆరేళ్ళు.
సోమవారానికి గొంతు పోయేది.
చిల్లర లెక్క వేళ్ళతో చూపించేదాన్ని.

అలాంటి మనిషే
కాగితం మిల్లు మూతబడ్డ చలికాలం
జట్టు మొత్తాన్ని లారీ ఎక్కించి
మా వీధిలో ఇంటింటికీ కట్టెలు దింపించాడు.
ఫొటోలకొచ్చిన వాణ్ణి వెనక్కి పంపేశాడు.
మా ఇంటికొచ్చిన కుర్రాడు టెవిటా,
భుజాలు గుమ్మంలో పట్టక పక్కకి తిరిగి లోపలికొచ్చాడు.
ఏదో దీవి వాడు. మంచు చూడ్డం అదే మొదలట.
తినొచ్చా అని అడిగాడు.

ఆ కట్టెలు కాలినంత కాలం తిట్లు ఆపాను.
మార్చి దాకా.
మార్చిలో ఆటలుండవు లెండి.

నిన్న రాత్రి పదకొండింటికి
తొంభై రెండో నంబరు పిల్లాడు పాల కోసం వచ్చాడు.
ఇంకా పది రోజుల్లో ఆఖరి ఆట.
కోచ్ వెళ్ళిపోతున్న సంగతి ఫోన్లో చదివి తెలుసుకున్నాడట.
"మా వంటింట్లో కూచుని మా అమ్మకి మాటిచ్చాడు" అన్నాడు.
ఇంకేం అనలేదు.
చిల్లర కౌంటరు మీదే వదిలేసి వెళ్ళాడు.
ఆ నాణేలు ఇంకా అక్కడే ఉన్నాయి,
గల్లాలో వెయ్యబుద్ధి కాలేదు.

ఒక్కసారి, రెండేళ్ళ కిందట,
నాలుగో ప్రయత్నం, ఒక్క గజం,
ఆయన తలెత్తి మా వైపు చూశాడు.
బంతిని తన్నించలేదు.
కుర్రాళ్ళంతా ఒకేసారి ముందుకి దూకారు,
కుప్పగా పడ్డారు, అరగజం దగ్గర ఆగిపోయారు.
ఓడిపోయాం.
స్టేడియం అంతా ఆయన్ని దుమ్మెత్తిపోసింది.
ఆ ఆటకి మాత్రం నేను కిక్కురుమనలేదు.
ఆ ఓటమిలో నాకూ వాటా ఉంది మరి.

లోపలికొచ్చాడు. టీవీలో కన్నా పొట్టి.
ఒక కాఫీ, కుక్కకి బిస్కట్ల పొట్లం.
నాలిక మీద పదకొండేళ్ళ మాటలు,
మంచివీ చెడ్డవీ ఒకదాన్నొకటి తోసుకుంటున్నాయి.
నా నోటికి అందింది ఇదే:
"నాలుగో పంపులో రసీదు రాదండీ, ఇక్కడిస్తాను."
నా గొంతు వినగానే తలెత్తి చూశాడు.
గుర్తుపట్టాడో, నిద్రమత్తో.
"అది ఎప్పుడూ రాదులే" అని వెళ్ళిపోయాడు.

హైవే మలుపులో ఎర్రలైటు పడింది.
రోడ్డు మీద పురుగు లేదు.
అయినా ఆగాడు.
ఇండికేటర్ వేసి, బుద్ధిగా, ఆ ఖాళీ కూడలి ముందు
కుక్కతో సహా కూచున్నాడు.

"పోవయ్యా, ఒక్క గజం" అన్నాను
అద్దానికి ఇవతల నుంచి,
ఈసారి మెల్లగా.