అరవై ఒకటో పేజీ

జిరాక్స్ అంగడి మిద్దెపైన నా గది.
బోర్డు మీద "వి. డిజైన్స్" అని ఉంటుంది,
వన్నూరమ్మ అని రాస్తే ఎవరూ మెట్లెక్కరని.

హుసేన్ పీరా ఎక్కినాడు, మోకాళ్లు పట్టుకుని.
ముప్పైరెండేండ్లు రైల్వేలో గ్యాంగ్‌మన్.
నా గచ్చు మీద కూడా
స్లీపరు నుంచి స్లీపరుకు వేసినట్టే అడుగులు.
సంకలో ఏడు పాత డైరీలు.

"మాది మూడు పిడికిళ్ల సంఘం.
గుంతకల్లులో రైలు దిగి
ఇంగ యాడికీ పోలేకపోయినోళ్లని
మేం మన్నులో పెడతాం.
నేను, తలారి ఓబన్న, టీ బండి మేరీ.
ఏ దేవుని మనిషో తెలీదు గదా,
ముగ్గురం తలా ఒక పిడికెడు వేస్తాం.
దీన్ని కంప్యూటర్లో పెట్టల్లమ్మా."

పెట్టినాను.
నవ్వే పిల్లోడి బొమ్మ, దోసిట్లో మొలక,
కాషాయపండు రంగులో ఇంత లావు బటన్: విరాళం ఇవ్వండి.
పీరా అద్దాలు తుడుచుకుని చూసినాడు.
"ఈ పిల్లోడెవురు?"
ఎవరూ కాదు తాతా, ఊరికే బొమ్మ.
"పేరు లేదా?"
లేదు.
"పేరు లేనోళ్లు మనకాడ చాలినంత మంది ఉండారు,
ఇంగొకడెందుకు, తీసెయ్."

మరి ఫోటోలేవైనా ఉన్నాయా అంటే
తల అడ్డంగా ఊపి
డైరీ తెరిచినాడు.

నెంబరు 14. గళ్ల లుంగీ. ఎడమ చెవికే పోగు.
నెంబరు 37. ఆడమనిషి, యాభై ఉంటాయి.
మోచేతి కాడ తేలు పచ్చబొట్టు.
కొంగున ముడి, ముడిలో రెండు వక్కలు.
నెంబరు 61. నీలం చొక్కా. ఐదు గుండీలు నీలం, ఒకటి ఎర్రది.
ఎర్రగుండీ కుట్టిన దారం తెలుపు.

"ఆ దారం సంగతి పెద్దక్షరాల్లో రాయి," అన్నాడు.
"కుట్టినామె కనుక్కుంటాది."

అనంతపురంలో కోర్సు నేర్పిన సారు
రోజూ ఒకే మాట చెప్పేవాడు:
వాడేది ఎవరో ముందు తెలుసుకోండి, తర్వాతే గీత గీయండి.
అప్పుడు రాసుకున్నాను, మూడు మార్కుల ప్రశ్న అది.

అంతా చెరిపేసినాను.
విరాళం బటన్ అడుక్కి దిగిపోయింది.
పైన ఒక్కటే గడి, గడిలో ఒక్కటే ప్రశ్న:
మీ మనిషి ఏం తొడుక్కుని బయల్దేరినాడు?
గుండీ అన్నా, బొత్తాం అన్నా, బటన్ అన్నా
ఒకే చోటికి దోవ వేసినాను.
కన్నడంలో అడిగినా, హిందీలో తప్పుగా అడిగినా
తలుపు తెరుచుకునేట్టు.
బొమ్మలన్నీ తీసేసినాను,
ఒక గీత సిగ్నలున్న ఊర్లో కూడా పేజీ తెరుచుకోవాలని.
రంగు మాత్రం మేరీ చెప్పింది. టీ రంగు.
ముగ్గురూ గట్టిగా నవ్వినారు, అదే పెట్టినాను.

కూలి కింద పది రూపాయల నోట్ల కట్ట,
పదకొండు దినాల టీ.

వారం గడిచినాక లెక్కలు తీసినాను.
వచ్చినవాళ్లలో సగం నేనే.
తక్కింది పీరా మనవడు, వాడి స్నేహితులు.
ఒక్కటి తప్ప.
మంగళవారం రాత్రి రెండుంబావుకి
రాయచూరు దిక్కునుంచి
ఎవరో 61 తెరిచినారు.
నలభై నిమిషాలు.
ఫోను నంబరు నొక్కలేదు. ఏమీ రాయలేదు.
మూసేసినారు.

చెప్పాల్నా వద్దా అని
ఫ్యాను తిరిగేది చూస్తా పండుకున్నాను.
పొద్దున చెప్పేసినాను.
పీరా ఒక్కమాటా అనకుండా మెట్లు దిగిపోయినాడు.

సాయంత్రం ఓబన్న చెప్పినాడు:
అరవై ఒకటో రాయి చుట్టూ కంపంతా కొట్టేసి,
కొత్త కడవ తెచ్చి నీళ్లు పెట్టినాడంట.
"వస్తే దప్పికతో వస్తారు గదా" అన్నాడంట.

నేను మిద్దెక్కి
ఆ పేజీ అడుగున ఇంకో వరుస రాసినాను:
స్టేషను బయటికి రండి,
టీ బండి కాడ మేరీ అని అడగండి,
ఏ యాళకైనా.